స్వతంత్ర వీడియోగేము: విజయానికి మూలం ఎక్కడ?

కళల విషయంలో మనలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంది. రచనలో సత్తా ఉంటే అది ఎప్పటికైనా నిలబడుతుందనీ, నిలబడలేదంటే సత్తా లేదనీ. ఈ నమ్మకం రచయితలకు ఊరట. పుస్తకాలు అమ్మే వాళ్ళకు అంతకంటే పెద్ద ఊరట. ఏ పుస్తకం గోదాములో మగ్గినా తప్పు పుస్తకానిదే అవుతుంది గాని, దాన్ని గోదాములో ఉంచిన వాడిది కాదు గదా!

వీడియోగేముల లోకంలో కూడా ఇదే నమ్మకం రాజ్యం చేస్తున్నది. ఒక కుర్రవాడు తలుపు వేసుకొని అయిదేళ్ళు ఒంటరిగా శ్రమించాడు, ఒకనాడు తలుపు తెరిచాడు, మర్నాటికి కోటీశ్వరుడయ్యాడు. ఇదీ అక్కడ చెప్పుకునే కథ. ఈ కథలో అబద్ధం లేదు. కాని అసలు సంగతి కూడా లేదు.

నేను ఈ విషయంలోకి దిగడానికి కారణం మా అక్క కొడుకు. హైదరాబాదులో విదేశీ గేములకు బొమ్మలు తయారుచేసి పంపే ఒక కంపెనీలో అతనికి ఉద్యోగం. పగలంతా ఎవరి కోటలో, ఎవరి కొండలో గీస్తాడు. రాత్రిపూట సొంత గేము చేసుకుంటాడు. అలా మూడేళ్ళయింది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, "మామయ్యా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. గేము బాగుంటే అదే ఆడుతుంది గదా, మీరేమంటారు?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాకు గేములు తెలియవు. కాని ఒక చిన్న పత్రికను సంచిలో వేసుకొని ఊరూరా తిరిగి అమ్మిన అనుభవం ఉంది. చాలా మంచి సంచికలు కట్టలు విప్పకుండానే అటకెక్కడం చూశాను. అంతకన్నా తక్కువరకం సంచికలు, ఏదో సభకు సమయానికి అందడం వల్ల, ఒక్క పూటలో అయిపోవడమూ చూశాను. అందుచేత అతనికి తొందరపడి జవాబు చెప్పకుండా ఈ గేముల చరిత్ర చదివాను. అతని పక్కన కూర్చుని కొన్ని గేములు ఆడాను కూడా. నాకు తోచిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. స్వతంత్ర గేము అంటే చిన్న గేము అని అర్థం కాదు, చవక గేము అనీ కాదు. గేములో ఏముండాలో నిర్ణయించే హక్కు డబ్బు పెట్టినవాడి చేతిలో గాక, దాన్ని తయారుచేసేవాడి చేతిలో ఉంటే అది స్వతంత్ర గేము. ఈ హక్కు కోసం జరిగిన పెనుగులాటే దాని చరిత్ర.

1

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1962లో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్ అనే యువకుడు, కొందరు మిత్రులు కలిసి ఒక కంప్యూటరు మీద "స్పేస్ వార్" అనే ఆట తయారుచేశారు. ఆ కంప్యూటరు ఖరీదు దాదాపు 1 లక్షా 20 వేల డాలర్లు. అంత యంత్రం కొని ఆట ఆడేవాడెవడు? కాబట్టి ఆ ఆటను అమ్మాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ రకం యంత్రం ఉన్న చోటికల్లా దాన్ని నకలు తీసుకుపోయారు. వచ్చినవాడు ఆడాడు, తెలిసినవాడు మార్చాడు.

ఆట సరుకుగా మారినది 1972లో "పాంగ్" రాకతో. దాన్ని తెచ్చిన అటారి కంపెనీని 1976లో వార్నర్ సంస్థ కొనేసింది. అప్పటికి ఒక్కొక్క గేమును సాధారణంగా ఒక్క మనిషే తయారుచేసేవాడు. ఆలోచన, బొమ్మ, చప్పుడు, లెక్క అన్నీ అతనివే. కాని పెట్టె మీద అతని పేరు ఉండదు. గేము పది లక్షలు అమ్ముడైనా అతనికి అందేది నెల జీతమే.

వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి దీనికి ఒక చిత్రమైన విరుగుడు కనిపెట్టాడు. 1980లో అమ్మకానికి వచ్చిన "అడ్వెంచర్" అనే గేములో ఎవరికీ సులభంగా దొరకని ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. యజమానులకు తెలియకుండానే ఆ పేరు దేశమంతా పోయింది. శిల్పి తన పేరును గుడిలో చీకటి మూల చెక్కుకున్నట్టు! దీన్ని నేటికీ తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇది తమాషాగా తోచదు. ఒక కళాకారుడు తన పనికి తానే దొంగచాటుగా సంతకం చేసుకోవలసి వచ్చింది.

మరి నలుగురు దొంగచాటుతో తృప్తిపడలేదు. డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనేవాళ్ళు, కంపెనీ కార్ట్రిజ్ అమ్మకాల్లో సగానికి పైగా తమ గేములవేనని లెక్క తేల్చుకొని, తమ వాటా అడిగారు. యాజమాన్యం వినలేదు. వాళ్ళు బయటికి వచ్చి 1979లో ఆక్టివిజన్ అనే సంస్థ పెట్టారు. పెట్టె మీద తయారుచేసినవాడి పేరు అచ్చువేశారు. అటారి వాళ్ళు దావా వేశారు గాని, ఆపలేకపోయారు. కన్సోలు ఒకరిది, దాని మీద ఆడే గేము వేరొకరిది కావచ్చునన్న సూత్రం అక్కడ స్థిరపడింది.

ఈ విజయానికి కారణమేమిటి? నలుగురికీ ప్రతిభ ఉంది, నిజమే. అటారిలో ఉన్నప్పుడూ ఆ ప్రతిభే ఉంది. కొత్తగా వచ్చినది దారి. అటారి కన్సోలు అప్పటికే లక్షల ఇళ్ళల్లో ఉంది. దానిలోకి బయటివాళ్ళ కార్ట్రిజ్ దూరకుండా ఆపే తాళం ఆనాటికి ఇంకా లేదు.

2

తాళం త్వరలోనే వచ్చింది. తెరిచిన దారిన ప్రతిభావంతులే గాక, లాభం వాసన పట్టిన ప్రతివాడూ వచ్చాడు. పసలేని గేములు దుకాణాల్లో గుట్టలు పడ్డాయి. 1983లో అమెరికా గేముల మార్కెట్టు కుప్పకూలింది. అమ్ముడుపోని కార్ట్రిజ్ లను అటారి వాళ్ళు న్యూమెక్సికోలో అలమగోర్డో దగ్గర గోతిలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే అవి ఉన్నాయి కూడా!

ఆ శిథిలాల మీదికి 1985లో జపాను నుంచి నింటెండో వచ్చింది. దాని యంత్రంలో ఒక చిప్పు ఉంటుంది. కంపెనీ ఆమోదించిన కార్ట్రిజ్ అయితేనే యంత్రం పనిచేస్తుంది. ఒక్కొక్క ప్రచురణ సంస్థ ఏడాదికి అయిదు గేములకు మించి తేకూడదు. కార్ట్రిజ్ లు నింటెండో దగ్గరే చేయించుకోవాలి, డబ్బు ముందుగా కట్టాలి. చెత్తను ఆపడానికే ఈ కట్టుదిట్టమని చెప్పారు. చెత్త కొంతవరకు ఆగిన మాట నిజమే. దానితో పాటు ముందుగా డబ్బు కట్టలేని ప్రతివాడూ ఆగిపోయాడు. నాణ్యతను కాపాడే తలుపే పేదవాణ్ణి బయట నిలబెట్టే తలుపు కూడా అయింది. ఈ చరిత్రలో ఇది మళ్ళీ మళ్ళీ జరిగింది.

తలుపు మూసుకున్నప్పుడు దొడ్డిదారి ఒకటి ఏర్పడింది. ఇళ్ళల్లోకీ ఆఫీసుల్లోకీ వచ్చిన సాధారణ కంప్యూటర్లకు నింటెండో తాళం లేదు. వాటి మీద ఆడే గేములను ఫ్లాపీల మీద చేతులు మార్చుకోవచ్చు, టెలిఫోను తీగ మీద పంపుకోవచ్చు. 1987లో స్కాట్ మిల్లర్ అనే అతను ఒక ఉపాయం పన్నాడు. గేమును భాగాలుగా చేసి, మొదటి భాగాన్ని ఉచితంగా వదిలాడు. ఎవరైనా నకలు తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. మిగతా భాగాలు కావాలంటే ఉత్తరం రాసి డబ్బు పంపాలి. దీన్నే షేర్‌వేర్ అన్నారు. నవలను సీరియల్‌గా వేసి, మొదటి సంచికను ఊరికే పంచినట్టన్నమాట!

ఈ దారిన పైకి వచ్చినవాళ్ళే ఇడ్ సాఫ్ట్‌వేర్ యువకులు. లూయిజియానా రాష్ట్రంలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఆఫీసు కంప్యూటర్లే ఇళ్ళకు మోసుకుపోయి తమ మొదటి గేము తయారుచేశారు. అది 1990 డిసెంబరులో వచ్చింది. 1993 డిసెంబరు 10న వాళ్ళ "డూమ్" వచ్చింది. మొదటి తొమ్మిది అంచెలు ఉచితం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరులో పెట్టిన ఆ గేము కోసం వచ్చిపడిన రద్దీకి అక్కడి యంత్రం ఉక్కిరిబిక్కిరి అయింది. దుకాణంలో ఒక్క అంగుళం చోటు లేకుండానే ఆ గేము దేశదేశాలు తిరిగింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. వాళ్ళు గేమును ఆటగాళ్ళకు అమ్మడమే కాదు, ఆటగాళ్ళ చేతనే మోయించారు. నకలు తీసుకున్న ప్రతివాడూ ప్రచారకుడయ్యాడు. మధ్యవాడి దుకాణం అవసరం లేకుండా చేసింది ఈ సంబంధమే.

3

తర్వాత గేములు ఫ్లాపీలకు సరిపోనంత పెద్దవయ్యాయి. సీడీలు, అట్టపెట్టెలు, పెద్ద దుకాణాల అరలు మళ్ళీ వచ్చాయి. అరలో చోటు ప్రచురణ సంస్థల చేతిలో ఉంది. స్వతంత్రులకు గడ్డుకాలం దాపురించింది. జపానులో డైసుకే అమాయా ఉద్యోగం చేసుకుంటూ అయిదేళ్ళు కష్టపడి తయారుచేసిన "కేవ్ స్టోరీ"ని 2004లో ఉచితంగా ఇచ్చేశాడు.

మళ్ళీ దారి తెరిచింది ఇంటర్నెట్టు. వాల్వ్ అనే సంస్థ 2003లో స్టీమ్ అనే దుకాణం పెట్టింది, 2005 నుంచి బయటివాళ్ళ గేములూ అమ్మింది. ఈ దుకాణానికి అరలు లేవు, పెట్టెలు లేవు, గోదాము లేదు. మైక్రోసాఫ్ట్ కూడా తన కన్సోలులో ఇలాంటి దుకాణం తెరిచింది. 2008 ఆగస్టులో అక్కడ జోనథన్ బ్లో గేము "బ్రెయిడ్" వచ్చింది. కాలాన్ని వెనక్కి తిప్పుతూ చిక్కుముడులు విప్పే గేము అది. దాదాపు 2 లక్షల డాలర్లు సొంత డబ్బు పోసి, మూడేళ్ళకు పైగా శ్రమించి తయారుచేశాడు. విమర్శకులు దాన్ని కళగా చర్చించారు, జనం కొన్నారు. స్వతంత్ర గేము నాలుగు డబ్బులు కూడా తేగలదని అప్పుడు లోకానికి తెలిసింది.

స్వీడన్‌లో మార్కుస్ పెర్సన్ వేరే పద్ధతి అవలంబించాడు. 2009 మే నెలలో "మైన్‌క్రాఫ్ట్" అనే గేమును సగం కూడా పూర్తికాకుండానే జనం ముందు పెట్టాడు. మొదట ఉచితంగా, తర్వాత తక్కువ ధరకు. ఆడినవాళ్ళ మాట వింటూ మార్చుకుంటూ పోయాడు. అమ్మకాలు జీతాన్ని మించాక, 2010లో ఉద్యోగం మానేశాడు. గేము పూర్తయిందని ప్రకటించింది 2011 నవంబరులో. అప్పటికే దాన్ని లక్షలమంది కొన్నారు. ఇటుకలు పేర్చి ఏదైనా కట్టుకోగల గేము కాబట్టి, ప్రతి ఆటగాడూ తాను కట్టినది పదిమందికి చూపాడు. అలా చూపడమే దానికి ప్రచారం. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు దాటాయి.

మా అక్క కొడుకు ఇక్కడ నన్ను ఆపి, "అతను ఉద్యోగం మానేశాడు గదా మామయ్యా!" అన్నాడు. మానేశాడు. కాని ముందు మానేసి తర్వాత అమ్మలేదు. ఈ వరస తప్పకుండా గుర్తుంచుకోవాలి.

4

ఇక అందరూ చెప్పుకునే ఒంటరి తపస్వి కథకు వద్దాం. అమెరికాలో ఎరిక్ బారోన్ అనే యువకుడు 2011లో కంప్యూటరు శాస్త్రం చదివి బయటికి వచ్చాడు. ఉద్యోగం దొరకలేదు. చేతిపని అలవడుతుందని ఒక గేము మొదలుపెట్టాడు. బొమ్మలు, సంగీతం, మాటలు, లెక్కలు అన్నీ తానే. నాలుగున్నరేళ్ళు పట్టింది. 2016 ఫిబ్రవరి 26న "స్టార్‌డ్యూ వ్యాలీ" వచ్చింది. 2024 చివరికి 4 కోట్ల 10 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి.

ఈ నాలుగున్నరేళ్ళు అతని కంచంలోకి అన్నం ఎక్కడినుంచి వచ్చింది? కథలు చెప్పేవాళ్ళు ఇది అడగరు. అతను సియాటిల్‌లో ఒక థియేటరులో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని కొన్ని గంటలు చేసేవాడు. అసలు సంసారం నడిపినది అతని సహచరి సంపాదన. ఆమె పనిచేసి తెచ్చిన డబ్బే అతని కాలం. ఆ గేము చివరలో పేర్లు వేస్తే రెండు పేర్లు వేయవలసి ఉంటుంది. ఒంటరి ప్రతిభ అని మనం మురిసిపోయే చోటల్లా తెర వెనుక ఎవరో ఒకరు వంట చేస్తూనో, జీతం తెస్తూనో, అప్పు భరిస్తూనో ఉంటారు. మన సాహిత్య చరిత్రలో కూడా ఇది కొత్త సంగతి కాదు.

మన దేశంలో పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో "రాజీ" అనే గేము తెచ్చారు. 2017లో ప్రజల నుంచి చందాలు సేకరించబోతే అనుకున్న మొత్తం రాలేదు. స్థాపకులలో ఒకరు సొంత ఫ్లాటు అమ్మి పని సాగించారు. గేము బయటికి వచ్చి పేరు తెచ్చుకుంది. సంతోషమే. కాని అమ్మడానికి ఫ్లాటు లేనివాడు ఏం చేయాలి?

దీనికి కొన్ని దేశాలు జవాబు వెతికాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సినిమాలకు సహాయం చేసే ప్రభుత్వ సంస్థ గేములకూ డబ్బిచ్చింది. 2019లో వచ్చిన "అన్‌టైటిల్డ్ గూస్ గేమ్"కు ఆ సాయం అందింది. ఒక పెంకి బాతు ఊరివాళ్ళను అల్లరిపెట్టే గేము అది. అలాంటిదానికి ఏ షావుకారు ముందుగా డబ్బు పెడతాడు?

5

ఇంతవరకు కాలాన్ని గురించీ, దారిని గురించీ చెప్పాను. మరి వస్తువు మాటేమిటి అని విమర్శకులు అడగవచ్చు. అడగవలసినదే. దారి ఎంత బాగున్నా, నడిచేదాంట్లో ఏమీ లేకపోతే ఎవరు చూస్తారు?

స్టార్‌డ్యూ వ్యాలీ మొదలయ్యేది ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో. వరసగా చిన్న చిన్న గదులు, ప్రతి గదిలో ఒక మనిషి, పైనుంచి నిఘా. అందులో ఒకడు తాత ఇచ్చిన ఉత్తరం విప్పి, ఆయన వదిలిపోయిన పొలానికి వెళ్ళిపోతాడు. తర్వాత అంతా విత్తడం, నీళ్ళు పెట్టడం, ఊరివాళ్ళతో మాట కలపడం. నిజమైన సేద్యంలోని అప్పు, ఆత్మహత్య అందులో లేవు. మన రైతు చూస్తే నవ్వుకుంటాడు. అయినా అన్ని కోట్లమంది దాన్ని కొన్నారంటే, ఆ ఆఫీసు గదుల్లో ఉన్న మనుషులెందరో, వాళ్ళకు లేనిదేమిటో అర్థమవుతుంది. అది వాళ్ళ లోటును పట్టుకుంది.

పెద్ద కంపెనీలకు ఈ లోట్లు తెలియక కాదు. కొన్ని వందల మంది జీతాలూ, కోట్ల పెట్టుబడీ ఒక గేము మీద ఉన్నప్పుడు ఎవరికీ నొప్పి తగలకుండా, నిరుడు అమ్ముడైన రకమే మళ్ళీ చేయవలసి వస్తుంది. స్వతంత్రుడికి ఆ భారం లేదు. 2013లో లూకాస్ పోప్ ఒక్కడే "పేపర్స్, ప్లీజ్" తయారుచేశాడు. అందులో ఆటగాడు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే గుమాస్తా. చట్టం ప్రకారం ఒకామెను ఆపితే సంసారం విడిపోతుంది. వదిలితే జీతం కోసేస్తారు, ఇంట్లో పిల్లవాడికి మందు ఉండదు. పోలండు వాళ్ళు 2014లో తెచ్చిన "దిస్ వార్ ఆఫ్ మైన్"లో ఆటగాడు సైనికుడు కాడు, ముట్టడిలో చిక్కిన ఊరిలో రొట్టె వెతుక్కునే పౌరుడు. యుద్ధం మీద వేల గేములున్నాయి. యుద్ధం కింద ఉన్నవాళ్ళ మీద ఎన్ని ఉన్నాయి? ఆ దేశ ప్రభుత్వం 2020లో దాన్ని విద్యార్థులు ఐచ్ఛికంగా చదివే పుస్తకాల సరసన చేర్చింది.

కాబట్టి స్వతంత్రుడి బలం పెద్దవాడిలా గీయడంలో లేదు. పెద్దవాడు చెప్పలేనిది చెప్పడంలో ఉంది. అనుకరణలో పోటీపడితే డబ్బున్నవాడే గెలుస్తాడు.

6

ఈనాడు దారి ఎలా ఉంది? స్టీమ్ వాళ్ళు 2012లో ఆటగాళ్ళ ఓట్లతో గేములను ఎంపిక చేసే పద్ధతి పెట్టారు. 2017లో దాన్ని ఎత్తివేసి, 100 డాలర్లు కట్టిన ఎవరైనా గేము పెట్టుకోవచ్చునన్నారు. తలుపు బార్లా తెరుచుకుంది. 2024 ఒక్క ఏడాదిలో ఆ దుకాణంలోకి 18 వేలకు పైగా గేములు వచ్చాయి. అంటే రోజుకు 50 దాకా. ఒకప్పుడు లోపలికి రావడమే కష్టం. ఇప్పుడు లోపల కనిపించడం కష్టం. తాళం తలుపుకు లేదు గాని, దీపం యజమాని చేతిలో ఉంది.

ఆ దీపం ఎవరి మీద పడుతుంది? అంతకుముందే జనం మెచ్చుతున్న గేము మీద. గేము రాకముందే దాన్ని కొనదలచినవాళ్ళు ఆ దుకాణంలో గుర్తు పెట్టుకుంటారు. విడుదలనాడు వాళ్ళందరికీ కబురు పోతుంది. మొదటి రోజుల్లో కొనేవాళ్ళుంటే దుకాణం తానే ముందుకు తెచ్చి చూపుతుంది. లేకపోతే గుట్ట కిందికి పోతుంది. కాబట్టి గేము విజయం విడుదలనాడు మొదలుకాదు. ఏడాది, రెండేళ్ళ ముందే, కొంత భాగం జనానికి ఇచ్చి, వాళ్ళ మాట విని, పదిమందిని కూడగట్టుకున్నప్పుడు మొదలవుతుంది. షేర్‌వేర్ వాళ్ళు చేసింది ఇదే, మైన్‌క్రాఫ్ట్ చేసింది ఇదే.

అదృష్టం లేదా అంటే ఉంది. ముగ్గురు మనుషులు 2018లో తెచ్చిన "అమాంగ్ అస్" రెండేళ్ళపాటు పెద్దగా ఎవరి కంటా పడలేదు. 2020లో కరోనావల్ల జనం ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు, గేము ఆడుతూ చూపించేవాళ్ళు దాన్ని పట్టుకోవడంతో ప్రపంచమంతా ఆడింది. అయితే ఆ రెండేళ్ళూ వాళ్ళు దాన్ని వదిలేయకుండా మరమ్మతు చేస్తూనే ఉన్నారు. అదృష్టం వచ్చి తలుపు తట్టినప్పుడు ఇంట్లో మనిషి ఉన్నాడు.

మరి దారి సుంకం? నూటికి 30 వంతులు దుకాణానిది. 2018లో ఈ సుంకం తగ్గించారు. ఎవరికి? అమ్మకాలు కోటి డాలర్లు దాటినవారికి ఆపైన 25 వంతులు, 5 కోట్లు దాటినవారికి ఆపైన 20 వంతులు. చిన్నవాడికి అదే 30! కిరాణాకొట్టులో రూపాయి సరుకు కొన్నవాడికి ఒక ధర, బస్తా కొన్నవాడికి ఒక ధర. ఇందులో వింతేమీ లేదు. స్వతంత్రులకు ఆశ్రయమని పేరున్న చోట కూడా మార్కెట్టు నీతి మారదని తెలుసుకుంటే చాలు.

7

చివరిగా, మన రచయితలు తప్పక తెలుసుకోవలసిన గేము ఒకటుంది. ఎస్టోనియాలో రాబర్ట్ కుర్విట్జ్ అనే రచయిత 2013లో ఒక నవల అచ్చువేశాడు. మిత్రులతో కలిసి ఏళ్ళ తరబడి ఊహించిన ఒక ప్రపంచం దాని నేపథ్యం. నవల వెయ్యి ప్రతుల మేర అమ్ముడైంది. అతను కుంగిపోయాడు. కౌర్ కెండర్ అనే మరో రచయిత, ఆ ప్రపంచాన్నే గేముగా చేయమని ప్రోత్సహించాడు, డబ్బు సమకూర్చే భారం నెత్తిన వేసుకున్నాడు. కవులు, చిత్రకారులు, సంగీతకారులు చేరారు. 2019 అక్టోబరులో "డిస్కో ఎలీసియమ్" వచ్చింది.

అందులో కత్తియుద్ధాలు లేవు. ఉన్నది సంభాషణ. పది లక్షల మాటలకు మించిన రచన. విప్లవం ఓడిపోయిన ఒక రేవు పట్టణంలో, సమ్మె నడుస్తుండగా, తన పేరు కూడా మరచిపోయిన ఒక డిటెక్టివు హత్యకేసు పరిశోధిస్తాడు. ఆ డిసెంబరులో అమెరికాలో జరిగిన గేముల పురస్కార సభలో దానికి నాలుగు బహుమతులు వచ్చాయి. రచయిత్రులలో ఒకరైన హెలెన్ హిండ్‌పెరె వేదిక మీద, తమకు రాజకీయ విద్య నేర్పినందుకు మార్క్స్ కూ ఎంగెల్స్ కూ కృతజ్ఞతలు చెప్పింది. వెయ్యిమంది చదివిన నవల ప్రపంచాన్ని లక్షలమంది ఆటగాళ్ళు వాక్యం వాక్యం చదివారు. మంచి వచనానికి పాఠకులు లేరనేవాళ్ళకు ఇది జవాబు. వచనం కాదు మారినది, అది వెళ్ళే తోవ మారింది.

కాని కథ అక్కడ ఆగలేదు. 2022లో కుర్విట్జ్, హిండ్‌పెరె, చిత్రకారుడు అలెగ్జాండర్ రోస్తోవ్ ఆ సంస్థలో లేరని, వాళ్ళు ఇష్టపడి వెళ్ళలేదని బయటపడింది. వాటాల గురించి, ప్రవర్తన గురించి రెండు పక్షాలూ పరస్పరం ఆరోపణలు చేసుకున్నాయి, వ్యాజ్యాలు నడిచాయి. ఎవరిది తప్పో తీర్పు చెప్పడం నా పని కాదు. ఒక్కటి మాత్రం నిర్వివాదం. గేము హక్కులు సంస్థవి, సంస్థ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళవి. ప్రపంచాన్ని ఊహించినవాడు బయట ఉన్నాడు, ఆ ప్రపంచం లోపల ఉంది.

నలభై ఏళ్ళ కిందట సొంత పేరు కోసం బయటికి వచ్చిన నలుగురి ఆక్టివిజన్ ఏమైంది? అది పెరిగి పెరిగి తానే మహాసంస్థ అయింది. 2023లో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ లో కలిసిపోయింది. ఒంటరిగా మొదలైన మైన్‌క్రాఫ్ట్ కూడా అక్కడికే చేరింది. గేము గెలవడం వేరు, గేము చేసినవాడు గెలవడం వేరు. చరిత్ర రాసేవాళ్ళు రెంటినీ కలిపేస్తున్నారు.

ఇదంతా మా అక్క కొడుక్కు చెప్పాను. ఉద్యోగం ఇప్పుడే మానవద్దన్నాను. నీ గేములో మొదటి గంట ఆటను ఊళ్ళోవాళ్ళకు, తోటి పనివాళ్ళకు, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఇచ్చి ఆడించు, వాళ్ళు ఎక్కడ విసుక్కుంటారో నోరు మూసుకొని చూడు అన్నాను. నువ్వు పగలు గీసే కోటలే రాత్రీ గీస్తే ఎవరికీ అక్కరలేదు, నీకు తప్ప ఇంకెవరికీ తెలియనిది ఏముందో అది గీయమన్నాను. సంగీతం చేస్తున్న స్నేహితుడితో స్నేహంగా ఉన్నప్పుడే కాగితం రాసుకొమ్మన్నాను.

"గేము సంగతి చెప్పమంటే వ్యవహారం చెప్పారేమిటి మామయ్యా!" అని నవ్వాడు. మనవాళ్ళు ఈ రెంటినీ ఎప్పుడూ వేరు చేసి చూస్తారు. అలా చూడటంవల్లనే మా పత్రిక కట్టలు అటకెక్కాయని చెప్పాను.

ఉద్యోగం ఇంకా మానలేదు. వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో చెరువు ఎండిపోయిన ఏడాది గురించి గేమును మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాడు. దీపావళికి మొదటి భాగం పదిమందికి ఇస్తానన్నాడు. ఆ పదిమందిలో నేనూ ఉన్నాను.